వాన లెక్కలో వదిన

నాంపల్లి,
ఏప్రిల్.

నాగూ,

నువ్వు పుణె నుంచి పంపిన ఫారం అందింది. మా చిన్న డాక్టరు సౌభాగ్య ప్రింటు తీయించి నా బల్ల మీద పెట్టింది. పొద్దస్తమానం కేసు షీట్లు రాసే దాన్ని, నాకు గడులు చూస్తేనే విసుగు. అందుకని ఫారం నింపను. ఉత్తరం రాస్తాను, నీకు కావలసినవి అందులోంచి నువ్వే ఏరుకో. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మనిద్దరం ఫోనెత్తితే నువ్వు నా మాటకు అడ్డం వస్తావు, నేను నీ మాటకు అడ్డం వస్తాను, ఇంతలో ఎవరికో నొప్పులొస్తాయి. ఉత్తరమైతే నా మాట నేను పూర్తి చేసుకోవచ్చు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మీ అన్నయ్య సాయంత్రం నడకదారిలోనే ఉంది. రిటైరయ్యాక ఆయనకూ ఒక పని దొరికినట్టుంటుంది.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆడపడుచు ఆరా తీస్తోందంటే గుండెలో రాయి పడుతుంది. సరే, రాసుకో. మా నాన్న వామన్‌రావు గారు నాంపల్లి స్టేషన్ వెనక సందులో కట్టిన కాన్పుల దవాఖాన ఇది. మూడంతస్తులు. కింద ఓపీ, కాన్పుల గది. మధ్యలో ఆపరేషన్ థియేటర్. పైన బాలింతల వార్డు. జనరేటర్ సెల్లార్లో ఉంది. వానాకాలం సెల్లార్లోకి నీళ్ళొస్తాయా అని అడిగావు. వస్తాయి. ఎంత ఎత్తు వస్తాయో వాచ్‌మన్ బీరయ్యను అడిగాను. "చెప్పులు తడుస్తయి మేడం. ఒక్కోపారి లుంగీ గూడ తడుస్తది" అన్నాడు. దాన్ని సెంటీమీటర్లలోకి నువ్వే మార్చుకో.

ఎండల సంగతి కూడా అడిగావు కదా. పై వార్డు పొయ్యి మీద పెనంలా ఉంది. నిన్న ఒక పసిగుడ్డుకు ఒళ్ళు కాలిపోతోందని తల్లి ఏడుపు. చూస్తే రోగం కాదు, వేడి. కిందికి దించి, పాలు పట్టిస్తే సాయంత్రానికి చల్లబడింది. కిటికీలకు తడి దుప్పట్లు కట్టించాం.

చివర్లో ఒక గడి ఉంది, 'ముఖ్యమైన సిబ్బంది రాలేని పరిస్థితిలో ప్రత్యామ్నాయం' అని. అది నాకు వర్తించదు. బొగ్గులకుంటలో మన ఇంటికీ నాంపల్లికీ మధ్య ఉన్నది నాలుగడుగుల దూరం. ఎంత వానలోనైనా నడిచొస్తాను.

నీ వదిన,
నళిని

*

పుణె,
మే.

వదినా,

చెప్పులూ లుంగీ చదివి మా ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. ఆ తర్వాత బీరయ్య పొడుగెంతో నిజంగానే కనుక్కోవలసి వచ్చింది. అన్నయ్య మెసేజ్‌లో చెప్పాడు. ఆ విషయం నీకు తెలియదనుకుంటాను.

నా ఉద్యోగం ఏమిటని ఎవరడిగినా అన్నయ్య "మా చెల్లి వాతావరణం చూస్తుంది" అని ఊరుకుంటాడు. నీకైనా సరిగ్గా చెప్తాను. కంప్యూటర్లో మీ దవాఖానలాంటి దవాఖాన ఒకటి కడతాం. దానికి కరెంటు ఎటునుంచి వస్తుందో, నీళ్ళెక్కడివో, ఆక్సిజన్ ఎవరు తెస్తారో, ఏ రోడ్డు మీద ఎవరు నడిచొస్తారో అన్నీ కలుపుతాం. ఆ తర్వాత దాని మీద వాన కురిపిస్తాం. ఒకసారి కాదు, వేలసార్లు, ఒక్కోసారి ఒక్కో రకం వాన. ఎండలు కూడా అలాగే. ప్రతిసారీ ముందు ఏది చెడిపోయింది, దాని వల్ల ఇంకేది ఆగిపోయింది అని చూస్తాం. నాలుగైదు నగరాల్లో చిన్న దవాఖానలు కొన్ని తీసుకున్నాం. వాటిలో నీదొకటి.

ఇప్పటికి తేలింది చెప్తాను. పెద్ద వాన పడితే ముందు కరెంటు పోతుంది. అది అన్నిచోట్లా ఉన్నదే. వెంటనే బీరయ్య జనరేటర్ వేస్తాడు. లుంగీ తడిసేంత నీళ్ళొచ్చాక అది ఆగిపోతుంది. ఆ పైన థియేటర్లో దీపం ఉండదు. జనరేటర్‌ను పైకి ఎక్కించు వదినా. ఈ వానాకాలం లోపలే. డాబాకు తెల్లరంగు కూడా వేయించు, పై వార్డు వేడి తగ్గుతుంది. ఇంకా చేయవలసిన లెక్కలు కొన్ని ఉన్నాయి. అవి అయ్యాక రాస్తాను.

నువ్వు మా ఇంటికి వచ్చేటప్పటికి నేను ఆరో తరగతి. లెక్కల్లో తప్పానని నాన్నకు చెప్పకుండా, సాయంత్రాలు నన్ను నాంపల్లి తీసుకెళ్ళి, డ్యూటీ రూంలో కూర్చోబెట్టి భిన్నాలు నేర్పావు. మధ్యలో లేచి వెళ్ళి ఒక కాన్పు చేసి వచ్చి, "ఎక్కడున్నాం, మూడు బై నాలుగు దగ్గరా?" అనేదానివి. ఆ చదువే ఇప్పుడు నీ మీద ప్రయోగిస్తున్నాను.

నీ
నాగవల్లి

*

నాంపల్లి,
జూన్.

నాగూ,

నీ మాట నెగ్గింది. జనరేటర్ మేడెక్కింది. మా సందులోకి క్రేన్ రాదు కదా, చైన్ పుల్లీ కట్టి, గోడ పక్కన ఇనుప చట్రం వేసి, థియేటర్ ఎత్తుకు లాగారు. మీ అన్నయ్య కింద గొడుగు పట్టుకుని నిలబడి అందరికీ సలహాలిచ్చారు. ఎవరూ వినలేదు కాబట్టి పని సవ్యంగా జరిగింది. డాబాకు తెల్లరంగు కూడా వేయించాను. పై వార్డులో బాలింతలు ఇప్పుడు మధ్యాహ్నం నిద్రపోతున్నారు. ఇది మాత్రం నీ పుణ్యమే.

సౌభాగ్య నీ ఉత్తరం చదువుతానని అడిగి తీసుకుంది. చదివి, "మేడం, గీ అక్క మన దవాఖానను వెయ్యిసార్లు ముంచిందంట" అని నోరు తెరిచింది. ముంచినా మళ్ళీ తేల్చే దారి కూడా చెప్తుందిలే అన్నాను.

ఇప్పుడు నీ లెక్కల్లో మాకు ఫస్టు క్లాసు వస్తుందా లేదా? తొందరగా చెప్పు. ఈ వయసులో పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూడటం బానే ఉంది.

నీ వదిన,
నళిని

నాగూ, నేను అన్నయ్యను. కవరు అంటించేది నేనే కాబట్టి ఈ నాలుగు ముక్కలు. మీ వదిన పోయిన వారం ఓపీలో కళ్ళు తిరిగి పడబోయింది. సౌభాగ్య పట్టుకుంది. అంతకుముందు ఇంట్లో కూడా ఒకసారి జరిగింది. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. చెప్పనన్నాను, రాయనన్లేదు. నా మాట వినడం లేదు. నువ్వు ఏదైనా చెయ్యి. నేను రాసినట్టు మాత్రం తెలియనివ్వకు.
మల్లేశ్వరరావు

*

పుణె,
జూలై.

వదినా,

నీ పరీక్ష ఫలితం వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక వారాలు గడిపాను. సూటిగానే చెప్తాను.

జనరేటర్ పైకెక్కాక మళ్ళీ మొత్తం లెక్క వేశాను. దవాఖాన బాగా నిలబడింది. కరెంటు ఉంది, నీళ్ళున్నాయి, ఆక్సిజన్ ఉంది. మత్తు డాక్టరు విద్యాసాగర్ గారిల్లు మీ సందులోనే కాబట్టి ఆయనకూ ఇబ్బంది లేదు. అయినా ఎన్నో వానల్లో ఆపరేషన్ జరగడం లేదు. ఎందుకా అని వెతికితే, కారణం నువ్వు. మన ఇంటి దగ్గర అబిడ్స్ నుంచి నాంపల్లి వెళ్ళే రోడ్డు మునిగిన ప్రతిసారీ నువ్వు ఇవతల ఉన్నావు, థియేటర్ అవతల ఉంది. నీ దవాఖానలో ఇప్పుడు అన్నిటికన్నా ముందు విరిగే భాగం నువ్వే.

నువ్వు వర్తించదని వదిలేసిన గడిలో ఏదో ఒకటి వేయాలి. 'ఈమె రాలేదు' అని వేయాలి. చేయవలసిన లెక్కలున్నాయని మేలో రాశానే, అది ఇదే. వేయడానికి చెయ్యి రాలేదు. ఒకరోజు కళ్ళు మూసుకుని వేసి, లేచి వెళ్ళి టీ తాగి వచ్చి చూశాను.

సౌభాగ్య ఎమ్మెస్ చదివింది. ఎనిమిదేళ్ళుగా నీ పక్కన నిలబడుతోంది. ఒక్క ఆపరేషనైనా నువ్వు లేకుండా చేయనిచ్చావా? "మా పేషంట్లకు నా చెయ్యే కావాలి" అని నువ్వే అన్నావు ఒకసారి. ఆ అమ్మాయిని ముందుకు పెట్టు. నువ్వు కూడా కాస్త విశ్రాంతి తీసుకో. ఒకసారి గుండె డాక్టరుకు చూపించుకో. ఈ వయసులో అందరూ చూపించుకుంటారు కదా.

కోపం తెచ్చుకోవు కదూ.

నాగవల్లి

*

నాంపల్లి,
జూలై.

శ్రీమతి నాగవల్లి గారికి,

మీ నివేదిక అందింది. దవాఖాన తరఫున కృతజ్ఞతలు.

ఇక్కడ పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళయి వాళ్ళకు పిల్లలు పుట్టారు. ఆ పిల్లలనూ ఈ చేతులే అందుకున్నాయి. మా నాన్నగారు పోయిన రోజు కూడా నేను ఒక కాన్పు ముగించాకే ఇంటికి స్నానానికి వెళ్ళాను. అలాంటి మనిషిని తీసుకెళ్ళి మీ కంప్యూటర్ చెడిపోయే మోటార్ల వరసలో కూర్చోబెట్టింది. బాగుంది.

గుండె డాక్టరు మాట మీకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇకనుంచి కవర్లు నేనే అంటిస్తాను.

డాక్టర్ నళిని

*

పుణె,
ఆగస్టు.

వదినా,

నువ్వు నన్ను 'మీరు' అనడం ఇదే మొదలు. ఆ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. నీకు తెలియాలని రాయడం లేదు, కానీ తెలిస్తే సంతోషమే.

లెక్క వెనక్కి తీసుకోలేను. జవాబు నచ్చలేదని చెరిపేస్తే నువ్వే అప్పట్లో పెన్సిల్ లాక్కునేదానివి. తప్పంతా నేను చెప్పిన తీరులో ఉంది. మోటారు గురించి రాసినట్టే నీ గురించీ రాసేశాను. నేను అనవలసిన మాట ఒకటే. ఆ మూడంతస్తుల బరువూ నీ ఒక్కదాని మీద ఆనుకుని ఉంది, చూస్తే నాకు భయమేసింది. ఇంకొకరు భుజం పెడితే బాగుండుననిపించింది.

రిపోర్టులో మీ దవాఖాన పేరు ఉండదు. ఒక నంబరు ఉంటుంది. అది నువ్వని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అన్నయ్యను ఏమీ అనకు. ఆయన భయపడితే నాకు తప్ప ఎవరికి చెప్పుకుంటాడు?

జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

నీ
నాగూ

*

బొగ్గులకుంట,
సెప్టెంబరు.

నాగూ,

ఇంటి నుంచి రాస్తున్నాను. దవాఖాన నుంచి కాదు. ఎందుకో చెప్తాను, స్థిమితంగా చదువు.

నీ మీద కోపం నాలుగు రోజులు కూడా నిలవలేదు. కాని ఒప్పుకోవడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. ఆగస్టు చివర్లో మళ్ళీ కళ్ళు తిరిగాయి, ఈసారి మెట్ల మీద. మీ అన్నయ్య ఆటో పిలిచి ఎక్కించారు. గుండె మధ్య మధ్య కొట్టుకోవడం ఆపేస్తోందట. పేస్‌మేకర్ పెట్టారు. అగ్గిపెట్టెంత ఉంది, కాలర్ ఎముక కింద. ఇప్పుడు బాగున్నాను. ఎడం చెయ్యి కొన్నాళ్ళు పైకెత్తకూడదన్నారు, అందుకని కత్తి పట్టడానికి లేదు.

ఇదంతా ఎందుకు దాచానంటావు. తెలిస్తే అందరూ కలిసి నన్ను థియేటర్ నుంచి బయటికి పంపేస్తారని. అది నువ్వు ముందే, అదీ అంత దూరం నుంచి, చెప్పేసరికి ఒళ్ళు మండింది.

చివరికి పంపనే పంపారు. మొన్న ఒక ఆపరేషన్ సౌభాగ్య చేతికిచ్చి పక్కన నిలబడ్డాను. మొదలుపెట్టకుండా నా వైపు తిరిగింది. "మేడం, మీరు చూస్తుంటె నా చెయ్యి ఆడతలేదు. జర బయట కూసోండ్రి" అంది.

"నా థియేటర్ల నన్నే బయటికి పొమ్మంటున్నవా?"

"ఔ మేడం. గీ ఒక్కపారి."

మాస్కు వెనకాల విద్యాసాగర్ నవ్వడం నాకు కనిపించింది. వెళ్ళి బయట బెంచీ మీద, పేషంటు తాలూకు వాళ్ళ పక్కన కూర్చున్నాను. జన్మలో ఆ బెంచీ మీద కూర్చోలేదు నాగూ. అక్కడ ఫ్యాను గాలి తగలదు. లోపలి మాట ఒక్కటి వినబడదు. లోపలున్న పేషంటు అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఏం గాదు గదా డాక్టరమ్మా" అని అడిగింది. ఇన్నేళ్ళూ ఆ మాటకు తలుపులోంచే జవాబు చెప్పి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి నాకూ తెలియదు. ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్నాం.

ఏం కాలేదు. ఆడపిల్ల. కుట్లు నా కుట్ల కన్నా నీటుగా ఉన్నాయి. ఆ సంగతి సౌభాగ్యకు ఇంకా చెప్పలేదు.

మీ అన్నయ్యకు కవర్ల పని తిరిగి ఇచ్చేశాను. అంటించే ముందు చదువుతారని తెలిసే ఇచ్చాను.

నీ వదిన

*

పుణె,
అక్టోబరు.

వదినా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఇందులో ఏ ముక్కకూ అర్థం ఉండకపోవచ్చు. అయినా రాస్తున్నాను. మధ్యాహ్నం నుంచి నా ఎదురుగా తెర మీద మీ వాన కనబడుతోంది. ఎర్రటి మచ్చ ఒకటి మీ మీదకు వచ్చి కదలనంటోంది. అన్నయ్య ఫోను మోగడం లేదు. నీ ఫోను ఎప్పుడు చేసినా ఎవరితోనో మాట్లాడుతున్నట్టే వస్తోంది. టీవీలో అబిడ్స్ చూపించారు. స్కూటర్లు తేలుతున్నాయి.

పక్క సీటు కుర్రాళ్ళు వచ్చి, "మేడం, మీ మోడల్ చెప్పినట్టే రోడ్డు మునిగింది" అని సంబరపడ్డారు. వాళ్ళను తిట్టాను. తర్వాత సారీ చెప్పాను. ఈ వానను ఆ దవాఖాన మీద నేనే ఎన్ని వేలసార్లు కురిపించలేదు? అలా కురిపించిన రోజుల్లో సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఇంటికి వెళ్ళి హాయిగా పడుకున్నాను. ఇవాళ కుర్చీలోంచి లేవబుద్ధి కావడం లేదు.

ఈ ఒక్కసారికి నడిచి వెళ్ళకు వదినా. ఇంట్లోనే ఉండు. నువ్వు ఉండవని నాకు తెలుసు.

నాగూ

*

బొగ్గులకుంట,
అక్టోబరు.

నాగూ,

ఫోన్లో చెప్పింది సగమే. మధ్యలో నువ్వు ఏడ్చావు, తర్వాత నేను ఏడ్చాను, అందుకని మిగతాది రాస్తున్నాను.

ఆ రోజు ఉదయం గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చి ఇంట్లోనే ఉన్నాను. భోజనాలయ్యేసరికి వాన మొదలైంది. చూస్తుండగానే సందులో నీళ్ళు పారాయి. సౌభాగ్య ఫోను చేసింది. రెండో కాన్పు మనిషి, ఆటోలో అతి కష్టం మీద వచ్చింది, బిడ్డ గుండె నెమ్మదిస్తోంది అని. "ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టు, వస్తున్న" అని పెట్టేశాను.

గొడుగు తీసుకుని మెట్లు దిగాను. మీ అన్నయ్య వద్దనలేదు. ప్యాంటు మడిచి, చేతికర్ర తీసుకుని వెనకే దిగారు.

"మీరెక్కడికి?" అన్నాను.

"నువ్వు వెళ్తావు కదా, నేనూ వస్తాను."

"ఆ మోకాళ్ళతోనా?"

"ఆ గుండెతో నువ్వు వెళ్తున్నావు."

గేటు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు మోకాలు దాటాయి. అవతల మెయిన్ రోడ్డు మీద ఒక మనిషి నడుము లోతులో, బడి సంచీ నెత్తిన పెట్టుకుని గోడ పట్టుకుని పోతున్నాడు. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఒక అడుగు వేశాను. అప్పుడు మళ్ళీ ఫోను మోగింది.

"మేడం, ఇగ ఆగేటట్టు లేదు. విద్యాసాగర్ సారు వచ్చిన్రు. కోస్తున్న."

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

పక్కనున్న వాళ్ళను గ్లవ్స్ తెమ్మని చెప్పి, మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"చెప్తున్న మేడం."

"సరే తల్లీ. కోయి."

ఫోను పెట్టేసింది. నేను ఆ నీళ్ళలో అలాగే నిలబడ్డాను. వెళ్ళాలనే ఉంది నాగూ, అబద్ధమెందుకు. కాని వెళ్ళినా నేను చేరేసరికి అయిపోతుంది. బయల్దేరి చేరకపోతే, నా కోసం సౌభాగ్య సగం మనసు గేటు దగ్గర పెట్టి కోస్తుంది. మీ అన్నయ్య చెయ్యి చాచారు. పట్టుకుని మెట్లెక్కాను. జీవితంలో నేను చేసిన పనుల్లో అంత కష్టమైంది ఇంకొకటి లేదు. పైకి వచ్చి తడిచీరతోనే కూర్చున్నాను. ఆ తర్వాత ఎవరెవరో ఫోన్లు చేశారు. సౌభాగ్య తప్ప.

చివరికి తను చేసింది. "మగపిల్లగాడు మేడం. జర సతాయించి ఏడ్చిండు. తల్లి మంచిగుంది." అంత చెప్పి తను ఏడ్చింది. ఏడవనిచ్చాను.

నీ లెక్కకు కొత్త సంగతులు రాసుకో. జనరేటర్ ఆగకుండా నడిచింది. కాని నీళ్ళు గేటులోంచి కాక బాత్రూం గొట్టాల్లోంచి పైకి తన్నుకొచ్చాయి, అది నువ్వు చెప్పలేదు. కాన్పుల గదిలో ఉన్న ఇద్దరినీ బీరయ్య, ఆయాలు కుర్చీల్లో పైకి మోశారు. రాత్రి డ్యూటీ వాళ్ళు ఎవరూ రాలేకపోయారు, పగటి వాళ్ళే నిలబడ్డారు. వాళ్ళకు తిండి లేదు. విద్యాసాగర్ ఇంటి నుంచి ఉప్మా వచ్చింది. గొట్టాలకు ఏం చేయాలో, తిండి సంగతి ఏమిటో నీ కంప్యూటర్‌ను అడిగి రాయి. ఈసారి ఫారం పంపితే నింపుతాను.

మర్నాడు నీళ్ళు తీశాక వెళ్ళాను. సందంతా బురద. ఓపీలో బీరయ్య ఫినాయిల్ పోసి కడుగుతున్నాడు. సౌభాగ్య డ్యూటీ రూంలో కుర్చీలోనే నిద్రపోతోంది. లేపలేదు. పై వార్డుకు వెళ్ళాను. చీర మీద కోటు లేదు, మెడలో స్టెతస్కోపు లేదు. చివరి మంచం మీద ఆ అమ్మాయి, పక్కన బిడ్డ.

నేను వెళ్ళి నిలబడితే, కొంగు సర్దుకుని, "మీరెవరు?" అంది.

మా నాన్న పేరున్న దవాఖానలో నన్ను ఆ మాట అడిగిన వాళ్ళు ఎవరూ లేరు. నాకు కలిగింది బాధ అనుకున్నాను. కాదు. ఏమిటో ఇప్పటికీ పేరు పెట్టలేను.

"నేనా? పిల్లగాణ్ణి సూసిపోదామని వచ్చిన" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "సూడుండ్రి అమ్మా. ఎత్తుకోండ్రి" అని బిడ్డను అందివ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "ముందుగాల చేతులు కడుక్కోండ్రి. మా డాక్టరమ్మ ఊకోదు."

వెళ్ళి, సబ్బు పెట్టి, మోచేతుల దాకా కడుక్కుని వచ్చి ఎత్తుకున్నాను.

నీ వదిన,
నళిని